పాఠకుల ప్రశ్నలు: చంద్రగిరి సేనాని గద్దె ఎలా ఎక్కాడు?

పోయిన నెల విజయనగర రాజు ప్రౌఢదేవరాయల మీద రాసిన వ్యాసానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి గానీ వాటిల్లో ఎక్కువ భాగం ఆయన గురించి కాదు. 1446లో ఆయన పోయాడు, 1485లో సంగమ వంశమే పోయింది, ఆ గద్దె మీద చంద్రగిరి నుంచి వచ్చిన సాళువ నరసింహుడనే సేనాని కూర్చున్నాడు అని చివర్లో రెండు ముక్కలు రాసి వదిలేశాను కదా, అందరూ దాన్నే పట్టుకున్నారు. అందుకని ఈ నెల ప్రశ్నలన్నీ ఆయనవే. ఒకే అర్థం వచ్చేవి కలిపేశాను.

మదనపల్లె నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: మా పుస్తకంలో "సింహాసనాన్ని ఆక్రమించాడు" అని ఒక్క లైనే ఉంది సార్. ఆక్రమించాడంటే యుద్ధం చేశాడా, రాజును చంపాడా? అసలు ఏం జరిగింది?

యుద్ధమని చెప్పుకోదగ్గది జరగలేదమ్మా. రాజును చంపలేదు కూడా, ఆయనే పారిపోయాడు. ఈ కథ మనకు వివరంగా చెప్పినవాడు ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. విజయనగరంలో కొంతకాలం ఉండి, అక్కడివాళ్ళు చెప్పుకునేవి విని 1535-37 ప్రాంతంలో రాసుకున్నాడు, అంటే అంతా జరిగిన యాభై ఏళ్ళకు. కాబట్టి ప్రతి మాటా అక్షరసత్యం అనుకోవద్దు, అయినా ఇంత వివరం ఇంకెక్కడా దొరకదు.

ముందు ఆ పారిపోయిన రాజు తండ్రి సంగతి చెప్పాలి. విరూపాక్షరాయలు 1465 నుంచి ఇరవై ఏళ్ళు ఏలాడు. తాగుడూ ఆడవాళ్ళూ తప్ప ఆయనకు ఇంకో ధ్యాస లేదంటాడు నూనిజ్. ఒక రాత్రి తన సేనానుల్లో ఒకడు పడకగదిలోకి వచ్చి చంపబోయినట్టు కల వచ్చిందట. పొద్దున్నే ఆ సేనానిని పిలిపించి, నీ మీద ఇలా కలగన్నాను అని చెప్పి, ఆ ఒక్క కారణానికే చంపించేశాడట. ఇది నిజమో పుకారో గానీ ఇలాంటి పుకారు పుట్టిన కొలువులో మిగతా సేనానులకు రోజూ ఒకటే టెన్షన్, రాత్రి రాజుగారికి ఏ కల వస్తుందోనని.

చివరికి ఆయన్ని చంపింది సేనాని కాదు, పెద్దకొడుకు. తండ్రిని చంపాక కొలువంతా నువ్వే రాజువంటే అతను ఒప్పుకోలేదు. హక్కు నాదే కావచ్చు, కానీ తండ్రిని చంపినవాణ్ణి, నాకీ రాజ్యం వద్దు, తమ్ముడికి ఇవ్వండి అన్నాడు. ఆ తమ్ముడే ప్రౌఢరాయలు (పోయిన నెల రాసిన ప్రౌఢదేవరాయలు వేరు, కలపకండి). రాజయ్యాక మంత్రులు ఇతని చెవిలో ఊదారు, తండ్రినే వదలనివాడు నిన్ను వదులుతాడా అని. తమ్ముడు అన్నను తన చేత్తోనే చంపాడు. ఇక అడ్డెవరూ లేరు కాబట్టి తనూ తండ్రి దారే పట్టాడు.

చంద్రగిరిలో ఉన్న నరసింహుడు మొట్టమొదట కత్తి తియ్యలేదు, కబుర్లు పంపాడు. రాజ్యంలో ఉన్న సేనానులందరికీ, ఈ రాజు ఉంటే రాజ్యం ఉండదని చెబుతూ, వెంట కానుకలు కూడా పెట్టి పంపాడు. వాళ్ళంతా సరే అన్నాకే తన సేనానిని రాజధానికి పంపాడు. ఆ వెళ్ళినవాడు తుళువ నరస నాయకుడేనని చరిత్రకారులు అంటారు, ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు. సైన్యం వస్తోందని చెబితే ప్రౌఢరాయలు పట్టించుకోలేదు. ఊళ్ళోకి వచ్చేసిందంటే నమ్మలేదు. రాజమందిరం తలుపు దగ్గర కాపలా కూడా లేదు, ఒక్క మనిషి లేడు! సేనాని నేరుగా లోపలికి నడిచి వెళ్ళి, రాజు కళ్ళెదుటే అంతఃపుర స్త్రీలను కొందరిని చంపాడు. అప్పుడు గానీ రాజుకు నమ్మకం కుదరలేదు, కుదిరాక ఇంకో వైపు నుంచి పారిపోయాడు. అతని వెంటపడటం కూడా దండగ అనుకున్నాడు సేనాని. ఊరినీ ఖజానానూ చేతిలోకి తీసుకుని, రావచ్చునని నరసింహుడికి కబురు పెట్టాడు.

రక్తపాతం లేకుండా రాజ్యం చేతులు మారింది అని రాసేవాళ్ళున్నారు. వాళ్ళ లెక్కలో ఆ ఆడవాళ్ళు రారేమో మరి.

నెల్లూరు నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి: మీరు ఆయన్ని వెనకేసుకొస్తారని ముందే తెలుసు. సంగమ రాజుల ఉప్పు తిని, వాళ్ళ ఇంటి వాసాలే లెక్కపెట్టినవాణ్ణి ద్రోహి అనక ఇంకేమంటాం?

ద్రోహి అనండి, నాకేం అభ్యంతరం లేదండీ. సంగమ వంశం వైపు నుంచి చూస్తే ఆ మాట సబబే. సాళువలు తరతరాలుగా వాళ్ళ కొలువులోనే పెరిగారు. ఈయన పూర్వీకుడు సాళువ మంగు 14వ శతాబ్దంలో సంగమ రాకుమారుడు కుమార కంపన వెంట మధుర సుల్తానుల మీదికి వెళ్ళి పేరు తెచ్చుకున్నవాడు. అంతటి కుటుంబం గద్దెనే పట్టుకుపోవడం చిన్న విషయం కాదు.

కానీ 1485 నాటికి ఆ రాజ్యాన్ని మోస్తున్నది ఎవరు అన్నది కూడా చూడాలి కదా. మీ జిల్లా నుంచే మొదలుపెడదాం. 1463-64 ప్రాంతంలో ఒడిశాను ఏలిన కపిలేశ్వర గజపతి కొడుకు హంవీరుడు ఉదయగిరి మీదుగా దిగి కంచి దాటి తిరుచిరాపల్లి దాకా వెళ్ళాడు. ఆ ఒడ్డెవాళ్ళ గలభాలో గుళ్ళు పాడుపడిపోయాయని తమిళ దేశంలో జంబై ఊరి శాసనం ఇప్పటికీ చెబుతుంది. విజయనగరం సైన్యం వచ్చి వాళ్ళను ఆపలేకపోయింది. తర్వాత కపిలేశ్వరుడు చనిపోయి, హంవీరుడూ పురుషోత్తముడూ గద్దె కోసం కొట్టుకుంటున్న సందు చూసి ఉదయగిరి మీదికి వెళ్ళినవాడు నరసింహుడు. 1481లో బీదరు రాజధానిగా దక్కన్‌ను ఏలిన బహమనీ సుల్తాను మూడో మహమ్మద్ షా కంచి దాకా దూసుకెళ్ళి దోచుకున్నాడు. ఆ బీదరు గుర్రపు దళాలను కందుకూరు దగ్గర చిత్తుచేసింది ఈశ్వర నాయకుడు, అంటే మన నరస నాయకుడి తండ్రి, నరసింహుడి మనిషి. నంది మల్లయ, ఘంట సింగయ అనే జంట కవులు వరాహపురాణంలో ఈ గెలుపును ఉత్సాహంగా వర్ణించారు. నరస నాయకుడికి అంకితమిచ్చిన కావ్యం కాబట్టి ఆయన తండ్రిని కాస్త ఎక్కువే పొగిడి ఉంటారు, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

తూర్పు సంగతి అది. పడమట ఇంకా ఘోరం. 1469లో విరూపాక్షుడు భట్కల్‌లో ఉన్న ముస్లిం గుర్రాల వర్తకులను చంపించాడు, బహమనీలకు గుర్రాలు అమ్ముతున్నారన్న కోపంతో. చావగా మిగిలినవాళ్ళు గోవా వెళ్ళిపోయారు. 1472లో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ ఆ గోవాను కూడా పట్టుకున్నాడు, మరుసటి ఏడు బెళగావి పోయింది. దక్షిణాదిలో మంచి యుద్ధాశ్వాలు పుట్టవు, ఆర్ముజ్, ఏడెన్ వైపు నుంచి ఓడల్లో రావాల్సిందే. అంటే వర్తకులను చంపుకుని, రేవులు పోగొట్టుకుని, రాజు తన అశ్వదళానికి తనే నీళ్ళు వదులుకున్నాడు.

ఇలా చూస్తే తూర్పు తీరంలో సైన్యం, శిస్తు, యుద్ధం చేసే మనుషులు అన్నీ అప్పటికే చంద్రగిరి చెప్పినట్టు నడుస్తున్నాయి. హంపీలో మిగిలింది గద్దె ఒక్కటే. ఎవరూ కాపలా లేని ఆ తలుపు కథ నాకు అందుకే నమ్మబుద్ధేస్తుంది. కాపలావాడికి జీతం ఇచ్చే చెయ్యి ఎక్కడుందో కాపలావాడికి తెలుసు. నన్నడిగితే ఆయన చేసింది ద్రోహమే. చెయ్యకపోతే మాత్రం ఆ రాజ్యాన్ని గజపతులూ బహమనీలూ చెరిసగం పంచుకునేవాళ్ళు.

తిరుపతి నుంచి ఒక పాఠకుడు: తిరుమల పుష్కరిణి మధ్యలో ఉన్న మండపం ఈయన కట్టించిందేనట కదా. నిజంగా భక్తేనా, లేక రాజకీయమా?

మండపం ఆయనదే, 1468 నాటిది. అంటే రాజు కావడానికి పదిహేడేళ్ళ ముందు కట్టించింది. దేవస్థానం అచ్చువేసిన శాసనాల సంపుటాల్లో రెండోది ఈయన కాలానికే కేటాయించారు, దాన్నిబట్టి ఎన్ని కానుకలిచ్చాడో చూసుకోండి. ఊళ్ళు రాసిచ్చాడు, ఉత్సవాలు పెట్టించాడు, కొండ మీదా కింద తిరుపతిలోనూ యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటాలు ఏర్పాటుచేసి, వాటి నిర్వహణ కందాడై రామానుజ అయ్యంగారి చేతిలో పెట్టాడు. ఈ అయ్యంగారు బ్రాహ్మణేతర వైష్ణవులైన సాత్తాదలకు కూడా అక్కడ పనీ ప్రసాదంలో వాటా దొరికేలా చూశాడు, ఆ రోజులకు అది మామూలు విషయం కాదు.

ఇక భక్తా రాజకీయమా అంటే, ఆ కాలం మనిషిని అలా రెండు ముక్కలు చెయ్యడం కష్టం. అహోబిల నరసింహుడి వరంతో పుట్టాడని చెప్పుకునే పిల్లవాడు, ఆ పేరే పెట్టుకున్నవాడు, భక్తి లేకుండా ఉంటాడా? అయితే గుడికిచ్చిన డబ్బు ఏమయ్యేదో కూడా చూడండి. దేవుడి ఊళ్ళలో చెరువులు, కాలువలు తవ్వించేవాళ్ళు. దానివల్ల పెరిగిన పంటలోంచి స్వామివారికి నైవేద్యం జరిగేది, ప్రసాదంలో దాతకు రావాల్సిన వాటా దాతకు వచ్చేది. చంద్రగిరి సీమలో మెట్ట నేల మాగాణి అవుతుంటే, అక్కడి రైతుకూ అర్చకుడికీ యాత్రికుడికీ రోజూ వినబడే పేరు ఎవరిది? హంపీ రాజుది కాదు. సంగమ రాజులకు ఇలవేల్పు హంపీ విరూపాక్షుడు, వాళ్ళ శాసనాల కింద సంతకం కూడా ఆయన పేరే. సాళువల కాలం నుంచి రాజుల మొగ్గు కొండ వైపు తిరిగింది, తర్వాత కృష్ణదేవరాయలు ఏడుసార్లు తిరుమల వచ్చాడంటే ఆ దారి వేసింది ఈయనే.

కడప నుంచి ఒక ఉపాధ్యాయురాలు: అన్నమయ్యను సంకెళ్ళు వేసి చెరలో పెట్టించింది ఈయనేనా? అంత భక్తుడు అలా ఎలా చేశాడు?

ఆ కథలో రాజు ఈయనే. టంగుటూరులో ఉన్నప్పటి నుంచీ అన్నమయ్యను గౌరవించినవాడు, పెనుకొండకు పిలిపించుకుని, దేవుడి మీద పాడిన లాంటి శృంగార కీర్తనే తన మీద కూడా ఒకటి పాడమన్నాడట, ఆయన చెవులు మూసుకుని కాదన్నాడట, సంకెళ్ళు వేయిస్తే అవి ఊడిపోయాయట. ఇది చెప్పింది అన్నమయ్య మనవడు తాళ్ళపాక చిన్నన్న, తాత జీవితాన్ని ద్విపదలో రాస్తూ. శాసనం ఏదీ ఈ సంగతి చెప్పదు. సంకెళ్ళు ఊడిపోవడం మీ నమ్మకానికి వదిలేస్తాను. తన మీద ఒక పాట కావాలని రాజు అడిగాడంటే మాత్రం నేను నమ్ముతాను. కొత్తగా పైకొచ్చినవాడికి కవుల అవసరం చాలా ఉంటుంది. వంశపారంపర్యంగా కూర్చున్న రాజును ఎవడూ నువ్వెవరని అడగడు, ఈయన్ని అడుగుతారు. అందుకే పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినిభారతాన్ని ఈయనకు అంకితమిచ్చాడు, రాజనాథ డిండిముడు సంస్కృతంలో సాళువాభ్యుదయం రాశాడు. రామాభ్యుదయమనే సంస్కృత కావ్యం ఏకంగా ఈయన పేరు మీదే ఉంది. అన్నమయ్య ఒక్కడే లొంగలేదన్నమాట.

గుంటూరు నుంచి ఒక పాఠకుడు: 1485లో ఎక్కి 1491లో పోయాడు. ఆరేళ్ళలో ఏం చేశాడని ఇంత పేరు?

నూనిజ్ అయితే ఈయన 44 ఏళ్ళు ఏలాడని రాశాడు! చంద్రగిరిలో అధికారం మొదలైన రోజుల నుంచి లెక్కేస్తే తప్ప అది కుదరదు. జనం దృష్టిలో ఆయన అప్పటి నుంచే రాజు అయి ఉండాలి, నాకు తోచిన అర్థం ఇదే.

గద్దె ఎక్కగానే అందరూ దండాలు పెట్టలేదు. కడప వైపు పేరనిపాడు సంబెటవాళ్ళు, మైసూరు వైపు ఉమ్మత్తూరు పాళెగాళ్ళు, ఇంకా ఎక్కడెక్కడి నాయకులో, నువ్వూ మాలాంటివాడివే కదా అన్నట్టు తిరగబడ్డారు. ఆ ఆరేళ్ళలో చాలా భాగం వాళ్ళను అణచడానికే సరిపోయింది.

నాకు బాగా నచ్చింది మాత్రం గుర్రాల సంగతి. విరూపాక్షుడు తరిమేసిన వర్తకులను మళ్ళీ రప్పించడానికి ఈయన ఒక పద్ధతి పెట్టాడు: మూడు గుర్రాలకు 1000 పర్దావుల చొప్పున (పర్దావు అంటే పోర్చుగీసుల నోట మన బంగారు వరహా) కొంటాడు, బతికున్నవైనా సరే, చచ్చినవైనా సరే. సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినంతా ఇచ్చేవాడు. ఓడలో గుర్రం చావడం అప్పట్లో మామూలు, ఆ నష్టం భయంతోనే సగంమంది వర్తకులు వెనక్కి తగ్గేవాళ్ళు, ఆ భయాన్ని రాజు తన నెత్తిన వేసుకున్నాడు. ఇవాళ ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియం కట్టించుకుని చేసే పని ఖజానా ఉచితంగా చేసిందన్నమాట. ఎంతమంది దొంగ తోకలు తెచ్చారో నూనిజ్ రాయలేదు గానీ, తనూ గుర్రాల వ్యాపారే కాబట్టి ఆ ఊసు ఎత్తకపోవడంలో వింతేమీ లేదు.

బరంపురం (ఒడిశా) నుంచి ఒక తెలుగు పాఠకురాలు: మా దగ్గర పురుషోత్తమ గజపతి కంచి రాజకుమార్తె పద్మావతిని పెళ్ళాడిన కథ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ కంచి రాజు సాళువ నరసింహుడే అంటారు, నిజమా?

తెలియనివాళ్ళ కోసం కథ చెబుతాను. రథయాత్రలో జగన్నాథుడి రథం ముందు గజపతి రాజు చీపురు పట్టి ఊడుస్తాడు. చీపురు పట్టేవాడికి పిల్లనివ్వనన్నాడట కంచి రాజు. పురుషోత్తముడు దండెత్తాడు, నల్లగుర్రం మీదా తెల్లగుర్రం మీదా జగన్నాథ బలభద్రులు సైనికుల వేషంలో ముందు వెళుతూ మాణిక అనే గొల్లామె దగ్గర పెరుగు తాగారు, కంచి ఓడిపోయింది. ఊడ్చేవాడికే ఈ పిల్లనిచ్చి చెయ్యి అని పురుషోత్తముడు కోపంగా తన మంత్రికి అప్పగిస్తే, ఆ మంత్రి మళ్ళీ రథయాత్ర దాకా ఆగి, రాజు చీపురు పట్టుకున్న క్షణంలో తెచ్చి ఇచ్చేశాడు. ఆ మంత్రి తెలివికి దండం పెట్టాలి.

కాలం సరిపోతుంది, కంచి అప్పుడు నరసింహుడి చేతిలోనే ఉంది, అందుకని చాలామంది చరిత్రకారులు ఆయన్నే అనుకుంటారు. శాసనాల ఆధారం ఉన్న పెళ్ళి మాత్రం కాదిది. కథ వెనక ఉన్న అసలు గొడవ ఉదయగిరి కోటది. నరసింహుడు రాజయ్యాక పురుషోత్తముడు మళ్ళీ దిగివచ్చి ఆ కోటను తీసేసుకున్నాడు. యుద్ధంలో నరసింహుడు చేతికి చిక్కి, కోట వదులుకుని బయటపడ్డాడని గజపతుల వైపు రాతలు చెబుతాయి. మన కవులు ఆ ముచ్చట ఎత్తరు, ఎందుకెత్తుతారు లెండి.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు: తను చేసిందే తన పిల్లలకూ జరిగిందట. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు, ఇదేనా?

జరిగింది, అచ్చం అలాగే. కర్మ అనుకోవడం మీ ఇష్టం, నాకైతే ఇందులో కర్మ కంటే ఏర్పాటు లోపం కనిపిస్తుంది.

నరసింహుడు చనిపోయేనాటికి కొడుకులిద్దరూ చిన్నవాళ్ళు. వాళ్ళను ఎవరికి అప్పగించాడో తెలుసు కదా, హంపీ రాజమందిరంలోకి నడిచి వెళ్ళిన నరస నాయకుడికే. ఇంకా మూడు కోటలు లొంగలేదు, రాయచూరు, ఉదయగిరి, కొండవీడు, వాటిని సాధించి నా కొడుకుల్లో తగినవాడికి రాజ్యం ఇవ్వు అన్నాడట చివరి ఘడియల్లో. పెద్దకొడుకును నరస నాయకుడంటే పడని ఒక సేనాని చంపించాడు. రెండోవాడు ఇమ్మడి నరసింహుడు పేరుకు రాజయ్యాడు. కుర్రవాడు తన మీద కుట్ర చేస్తున్నాడని అనుమానం రాగానే నరస నాయకుడు వేటకని చెప్పి పెనుకొండ వెళ్ళి, సైన్యంతో తిరిగొచ్చి రాజధానిని చుట్టుముట్టాడు. ఆ తర్వాత రాజును పెనుకొండలోనే కాపలాలో ఉంచి, పన్నెండేళ్ళ దాకా రాజ్యం తనే నడిపాడు, కిరీటం మాత్రం పెట్టుకోలేదు. 1503లో ఆయన చనిపోయాడు. 1505లో పెనుకొండలో ఇమ్మడి నరసింహుణ్ణి చంపేశారు, నరస నాయకుడి పెద్దకొడుకు వీరనరసింహుడు తనే రాజునన్నాడు. ఆ వీరనరసింహుడి తమ్ముడే 1509లో గద్దె ఎక్కిన కృష్ణదేవరాయలు. సాళువ నరసింహుడు చెప్పిన మూడు కోటల్నీ చివరికి సాధించింది ఆయనే: ఉదయగిరి 1514లో, కొండవీడు 1515లో, రాయచూరు 1520లో. అప్పగింత ఒకరికి, నెరవేర్చింది ఆయన కొడుకు, ఫలం మాత్రం అడిగినవాడి పిల్లలకు దక్కలేదు.

ఏర్పాటు లోపం అన్నాను కదా. విజయనగరంలో నాయకుడికి జీతం బదులు సీమ ఇచ్చేవాళ్ళు, ఆ సీమ ఆదాయంతో ఇంత సైన్యం పోషించి రాజు పిలిస్తే రావాలి. మరి ఆ సైనికుడు ఎవరి అన్నం తింటున్నాడు? నాయకుడి అన్నం. రాజు గట్టివాడైనంత కాలం ఇది చక్కగా నడుస్తుంది. రాజు మెత్తబడినా, పసివాడైనా, పెద్ద సీమ ఉన్న నాయకుడు రాజధానికి ఒక్క ప్రయాణం దూరంలో ఉంటాడు. నరసింహుడు ఈ దారినే పైకొచ్చాడు, వచ్చాక దాన్ని మూయలేదు, మూస్తే తన సైన్యం కూడా పోతుంది మరి.

ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. ఆయన కొలువులో నరస నాయకుడితో పాటు ఆరవీటి బుక్కడనే ఇంకో సేనాని ఉన్నాడు, సాళువ రాజ్యాన్ని నిలబెట్టింది మా బుక్కడే అని ఆరవీటివాళ్ళు తర్వాత తమ శాసనాల్లో గొప్పగా చెప్పుకున్నారు. తుళువల తర్వాత రాజ్యం పోయింది ఆ ఆరవీటివాళ్ళకే. బుక్కడి మునిమనవడు అళియ రామరాయలు చివరి తుళువ రాజు సదాశివరాయలను గద్దె మీద బొమ్మలా కూర్చోబెట్టి, 1565 జనవరి 23న తళ్ళికోట యుద్ధంలో తల పోగొట్టుకునే దాకా తనే ఏలాడు. ఆ తర్వాత తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండలో పట్టం కట్టుకున్నాడు. అంటే విజయనగరాన్ని ఏలిన నాలుగు వంశాల్లో మూడు ఒకే గుడారం నుంచి వచ్చాయి.

విజయవాడ నుంచి: మహామంత్రి సాళువ తిమ్మరుసు ఈయన బంధువా?

కాదు. తిమ్మరుసు బ్రాహ్మణుడు, సాళువ రాజవంశం వేరు. పేరు ముందు సాళువ ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపకండి.

కరీంనగర్ నుంచి గ్రూప్స్‌కు చదువుకుంటున్న పాఠకుడు: ఇలా సేనాని రాజైన ఉదాహరణలు ఇంకా చెబుతారా? పరీక్షలో పనికొస్తాయి.

మౌర్యుల చివరి రాజు బృహద్రథుణ్ణి సేనాని పుష్యమిత్ర శుంగుడు సైన్యాన్ని చూపించే నెపంతో చంపాడని బాణుడు హర్షచరిత్రలో రాశాడు, క్రీ.పూ. 185 ప్రాంతం. మైసూరులో హైదర్ అలీ 1761 నాటికి అధికారమంతా చేతిలోకి తీసుకున్నా ఒడెయార్లను గద్దె మీదే ఉంచాడు, ఇది రామరాయల పద్ధతి. మన నరసింహుడి కాలంలోనే బీదరులో కాసిం బరీద్ బహమనీ సుల్తానును గుప్పిట్లో పెట్టుకున్నాడు, ఆ గందరగోళంలోంచే మన గోల్కొండ రాజ్యం కూడా పుట్టింది. ప్రశ్న వస్తే ఒక తేడా తప్పకుండా రాయండి: గద్దె ఎక్కినవాళ్ళు వేరు, గద్దె వెనక నిలబడి ఏలినవాళ్ళు వేరు. నరసింహుడు మొదటి రకం, నరస నాయకుడు రెండో రకం.

డాలస్ నుంచి ఒక పాఠకురాలు: వేసవికి పిల్లలతో తిరుపతి వస్తున్నాం. చంద్రగిరిలో ఈయన ఉన్న రాజమహల్ చూడొచ్చా?

చంద్రగిరి తిరుపతికి దగ్గరే, తప్పకుండా వెళ్ళండి, కోటా రాజమహలూ రెండూ చూడొచ్చు, లోపల మ్యూజియం ఉంది. కాకపోతే నరసింహుడు ఇదే మేడలో ఉన్నాడని పిల్లలకు చెప్పకండి, ఇప్పుడు కనిపించే రాజమహల్ కట్టడం ఆయన తర్వాతి కాలానిదని చెబుతారు. ఆయన కట్టించినదే చూపించాలంటే కొండ మీద దర్శనం అయ్యాక పుష్కరిణి మెట్ల మీద కాసేపు కూర్చోండి. ఓపిక ఉంటే అక్కడి నుంచి పెనుకొండ కూడా వెళ్ళండి, ఈ కథలో చివరి సగం అక్కడిదే. కారులో అయితే పొద్దున్నే బయల్దేరండి, వేసవిలో ఆ గుట్ట మధ్యాహ్నం ఎక్కలేరు.